ఆఫీసుకు రమ్మనే నియమం: కెనడా ప్రభుత్వోద్యోగుల సందేహాలు, సమాధానాలు

కెనడా ఫెడరల్ ప్రభుత్వ శాఖల్లో పనిచేస్తున్న తెలుగువారి నుంచి ఈ మధ్య మా శీర్షికకు వస్తున్న లేఖల్లో చాలావరకు ఒకే అంశం గురించి ఉంటున్నాయి. ఫెడరల్ ఉద్యోగులకు యజమానిగా వ్యవహరించే ట్రెజరీ బోర్డు సచివాలయం 2024 మే 1న ప్రకటించి, సెప్టెంబరు 9 నుంచి అమలులోకి తెచ్చిన నియమం ప్రకారం ఉద్యోగులు వారానికి కనీసం మూడు రోజులు, ఎగ్జిక్యూటివ్ హోదాలో ఉన్న అధికారులు కనీసం నాలుగు రోజులు ఆఫీసుకు వచ్చి పనిచేయవలసి వచ్చింది. యూనియన్‌లో ఉన్నవారికీ, లేనివారికీ, మేనేజర్ అన్న హోదా ఉన్నా యూనియన్ పరిధిలోనే ఉన్నవారికీ ఈ నియమం వేర్వేరు చిక్కులు తెచ్చిపెట్టింది. లేఖలు రాసినవారి పేర్లు, వారి శాఖల పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న (ఒట్టావా): 2023 ఏప్రిల్ సమ్మెలో మిగతావారితో కలిసి చలిలో నిలబడ్డాను. సమ్మె ముగిసినప్పుడు ఇంటి నుంచి పనిచేసే విషయంలో మనం గెలిచామని నాయకులు చెప్పారు. ఏడాది తిరిగేసరికి యూనియన్‌ను ఒప్పించకుండానే రోజుల సంఖ్య పెంచేశారు. ఇది ఒప్పందాన్ని ఉల్లంఘించడం కాదా? గ్రీవెన్స్ (యాజమాన్యం మీద రాతపూర్వక ఫిర్యాదు) వేస్తే నెగ్గుతానా?

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే. అయితే దాన్ని ఉల్లంఘన అని తేల్చే ముందు, ఆ సమ్మె చివర ఉద్యోగుల చేతికి వచ్చినదేమిటో సరిగ్గా చూడాలి. 2022 డిసెంబరు 15న అప్పటి ట్రెజరీ బోర్డు అధ్యక్షురాలు మోనా ఫోర్టియే, ఉద్యోగులందరూ వారానికి రెండు మూడు రోజులు, అంటే పనివేళల్లో 40 నుంచి 60 శాతం, ఆఫీసులో గడపాలని ప్రకటించి, 2023 మార్చి 31 నాటికి ఇది పూర్తిగా అమలు కావాలని గడువు పెట్టారు. ఒప్పందం కోసం చర్చలు నడుస్తుండగానే ఈ ప్రకటన వెలువడడం యూనియన్లకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఏప్రిల్ 19న ఫెడరల్ ఉద్యోగుల పెద్ద యూనియన్ అయిన పబ్లిక్ సర్వీస్ అలయన్స్ ఆఫ్ కెనడా పిలుపు మేరకు 1,55,000 మందికి పైగా ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు, జీతాల పెంపుతో పాటు ఇంటి నుంచి పనిచేసే హక్కును ఒప్పందంలోనే చేర్చాలన్నది ప్రధానమైన డిమాండ్లలో ఒకటి. ట్రెజరీ బోర్డు పరిధిలోని సుమారు 1,20,000 మందికి మే 1న, పన్నులు వసూలు చేసే రెవెన్యూ ఏజెన్సీలోని సుమారు 35,000 మందికి మే 4న రాజీ కుదిరింది.

ఆ రాజీలో జీతాల అంశం ఒప్పందంలోకి వెళ్ళింది. ఇంటి నుంచి పనిచేసే అంశం మాత్రం ఒప్పందంలో చేరలేదు, దాని బయట ఇరుపక్షాలు రాసుకున్న లేఖగా మిగిలింది. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. ఒప్పందంలోని నిబంధనను ఉల్లంఘిస్తే యూనియన్ మద్దతుతో వేసిన గ్రీవెన్స్ చివరికి స్వతంత్ర తీర్పరి ముందుకు వెళ్ళగలదు, ఆ తీర్పు శాఖను కట్టిపడేస్తుంది. ఒప్పందం బయట ఉన్న లేఖకు ఆ బలం లేదు. పైగా ఉద్యోగులు వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలన్న సంఖ్య ఆ లేఖలో లేదు. కార్యాలయాలను ఎలా నిర్వహించాలి, ఎవరికి ఏ పని అప్పగించాలి అన్నది యజమాని హక్కుగా ఫెడరల్ ప్రభుత్వరంగ కార్మిక సంబంధాల చట్టం 7వ సెక్షనులో గుర్తించింది, ఆర్థిక పరిపాలన చట్టం కూడా ట్రెజరీ బోర్డుకు విస్తృతమైన అధికారాలు ఇచ్చింది. కాబట్టి రెండు రోజులను మూడు రోజులు చేయడమే ఉల్లంఘన అన్న వాదన మీద ఆధారపడి మీరొక్కరు గ్రీవెన్స్ వేస్తే నెగ్గే అవకాశం తక్కువ.

అంతమాత్రాన ఆ లేఖను చిత్తుకాగితంగా చూడవద్దు. అది ఇచ్చినది ఒక పద్ధతి. ఇంటి నుంచి పనిచేస్తానని ఉద్యోగి కోరినప్పుడు, ఆ కోరికను బృందానికంతటికీ కలిపి ఒకే మాటతో తోసిపుచ్చకుండా, ఆ వ్యక్తి పనినీ పరిస్థితినీ విడిగా పరిశీలించాలని, తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని, వివాదాలపై సలహా ఇవ్వడానికి శాఖల్లో యూనియన్, యాజమాన్యం కలిసి కూర్చునే ప్యానెళ్ళు ఉండాలని ఆ లేఖ చెబుతుంది. కనుక మీరు అడగవలసినది నోటిమాటగా కాకుండా రాతలో అడగండి, జవాబూ రాతలోనే కోరండి. "అందరికీ ఒకటే నియమం" అన్న ఒక్క వాక్యం మాత్రమే జవాబుగా వస్తే, అది లేఖలో రాసుకున్న పద్ధతికి విరుద్ధమని మీ యూనియన్ ప్రతినిధి ద్వారా ప్యానెల్‌కు చెప్పండి. గ్రీవెన్స్ వేయాలని నిర్ణయించుకుంటే గడువు మరచిపోవద్దు. అలయన్స్ ఒప్పందాల్లో సాధారణంగా ఇది 25 పనిదినాలు, విషయం మీకు తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఒప్పందంలోని నిబంధనకు సంబంధించిన గ్రీవెన్స్ అయితే యూనియన్ ఆమోదం లేకుండా సొంతంగా వేయడానికి చట్టం ఒప్పుకోదు, అందువల్ల ప్రతినిధిని మొదటి వారంలోనే కలవడం మంచిది.

నా అభిప్రాయం కూడా దాచుకోకుండా చెబుతాను. పని స్థలాన్ని నిర్ణయించే అధికారం యజమానికి ఉండడంలో తప్పు లేదు. కానీ అంతపెద్ద సమ్మె తరువాత, ఏడాదికే, అంత ముఖ్యమైన మార్పును సంప్రదింపులు లేకుండా తీసుకురావడం ఉద్యోగుల నమ్మకాన్ని దెబ్బతీసింది. అదే 2024 బడ్జెట్లో ప్రభుత్వ కార్యాలయ భవనాల విస్తీర్ణాన్ని పదేళ్ళలో సగానికి తగ్గిస్తామని చెప్పిన ప్రభుత్వం, అదే వసంతంలో మరింతమందిని మరిన్ని రోజులు ఆ భవనాల్లోకి రమ్మనడం ఏమిటని యూనియన్లు అడిగిన ప్రశ్నకు సూటి సమాధానం రావలసే ఉంది.

ప్రశ్న (టొరంటో): మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చి మాతోనే ఉంటున్నారు. పక్షవాతం వచ్చిన తరువాత ఆమెను ఒంటరిగా వదలలేని పరిస్థితి. మా బాబుకు ఐదేళ్ళు, బడి తరువాత చూసుకునే కేంద్రంలో చోటు కోసం జాబితాలో ఉన్నాం. మావారి ఉద్యోగం షిఫ్టుల్లో ఉంటుంది. మూడు రోజుల నియమం నుంచి నాకు మినహాయింపు వస్తుందా? మా మేనేజరు "కుటుంబ సమస్యలు అందరికీ ఉంటాయి" అన్నారు.

జవాబు: కుటుంబ సమస్యలు అందరికీ ఉంటాయన్నది నిజమే. అయితే వాటిలో కొన్నింటికి కెనడా మానవ హక్కుల చట్టం రక్షణ ఇస్తుంది. వైకల్యంతో పాటు కుటుంబ స్థితి కూడా ఆ చట్టం వివక్షను నిషేధించిన అంశాల్లో ఒకటి. అంటే మీ కుటుంబ బాధ్యతకూ ఆఫీసు నియమానికీ మధ్య నిజమైన ఘర్షణ ఉందని మీరు చూపగలిగితే, ఆరోగ్యం, భద్రత, ఖర్చు అనే మూడు కోణాల్లో మోయలేని భారం అవుతుందని శాఖ నిరూపించనంతవరకు, మీకు సర్దుబాటు చేయవలసిన బాధ్యత శాఖదే.

ఈ విషయంలో మీరు తప్పక తెలుసుకోవలసిన తీర్పు 2014లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఇచ్చిన జాన్‌స్టన్ కేసు తీర్పు. ఆమె టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో సరిహద్దు సేవల అధికారి. మారుతూ ఉండే షిఫ్టుల వల్ల పిల్లలను చూసుకునే ఏర్పాటు దొరక్క, స్థిరమైన వేళలు కోరారు. కోర్టు ఆమె పక్షాన తీర్పు ఇస్తూ నాలుగు విషయాలు చూడాలని చెప్పింది. బిడ్డ ఆ ఉద్యోగి సంరక్షణలో ఉండాలి. ఆ బాధ్యత చట్టపరమైనదై ఉండాలి, అంటే సంగీతం తరగతికి తీసుకెళ్ళడం లాంటి సొంత ఎంపిక కాకూడదు. ప్రత్యామ్నాయాల కోసం ఆ ఉద్యోగి తగినంత ప్రయత్నం చేసి ఉండాలి. ఉద్యోగ నియమం ఆ బాధ్యతకు నామమాత్రంగా కాక గట్టిగానే అడ్డుపడుతూ ఉండాలి. ఈ నాలుగింటిలో దరఖాస్తులు ఎక్కువగా వీగిపోయేది మూడో దాని దగ్గర. మీరు ఏయే పిల్లల సంరక్షణ కేంద్రాలకు ఎప్పుడు దరఖాస్తు చేశారో, జాబితాలో ఎక్కడ ఉన్నారో, మీవారి షిఫ్టులు మార్చడానికి వీలుందా లేదా, బంధుమిత్రుల సాయం ఎంతవరకు దొరుకుతుందో తేదీలతో సహా రాసిపెట్టుకోండి. ఈమెయిళ్ళు దాచుకోండి.

అత్తగారి విషయం పిల్లల సంరక్షణ కంటే కొంత క్లిష్టమైనది, కానీ దారి లేనిది కాదు. 2013లో కెనడా మానవ హక్కుల ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన హిక్స్ కేసు సరిగ్గా అత్తగారి సంరక్షణకు సంబంధించినదే. ఫెడరల్ ఉద్యోగి ఒకరు నోవా స్కోషియా నుంచి ఒట్టావాకు మారవలసి వచ్చినప్పుడు, ఆయన భార్య తన తల్లిని చూసుకోవడానికి అక్కడే ఉండిపోయారు. రెండు నివాసాల ఖర్చుకు సాయం చేయడానికి శాఖ నిరాకరించింది. కుటుంబ స్థితి అన్న మాటలో వృద్ధుల సంరక్షణ కూడా ఇమిడి ఉందని ట్రిబ్యునల్ ఆ కేసులో తేల్చింది. మన ఇళ్ళలో అత్తమామలు కలిసి ఉండడం మామూలు కాబట్టి తెలుగు కుటుంబాలకు ఈ తీర్పు తెలిసి ఉండడం చాలా అవసరం. ఆమెకు ఏయే వేళల్లో మనిషి తోడు ఉండాలో వైద్యుడి చేత రాయించండి. ఆ పత్రంలో రోగ చరిత్ర అంతా అక్కర్లేదు, అవసరమైన సంరక్షణ ఎంతో స్పష్టంగా ఉంటే చాలు.

ఒక్క విషయం ముందే చెప్పాలి. మీరు కోరిన ఏర్పాటే యథాతథంగా దొరకాలని చట్టం చెప్పదు. వారానికి ఒకటి రెండు రోజులు ఆఫీసుకు రావడం, వేళలు మార్చడం, ఇంటికి దగ్గరలోని మరో ప్రభుత్వ కార్యాలయంలో కూర్చోవడం లాంటి సహేతుకమైన ప్రతిపాదన వస్తే దాన్ని పరిశీలించవలసిన బాధ్యత మీకూ ఉంటుంది. మొండిగా తిరస్కరిస్తే తరువాత మీ కేసే బలహీనపడుతుంది. శాఖ అసలు పట్టించుకోకపోతే గ్రీవెన్స్ వేయవచ్చు, మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదూ చేయవచ్చు.

ప్రశ్న (విన్నిపెగ్): నేను టీమ్ లీడర్‌ని. జీతం నుంచి యూనియన్ చందా కోత పడుతోంది, సమ్మెలోనూ పాల్గొన్నాను. ఇప్పుడు నా బృందంలో ఎవరు ఎన్ని రోజులు వచ్చారో లెక్కపెట్టి, రానివారి పేర్లు పైకి పంపమంటున్నారు. నాతో టీ తాగిన మనుషుల మీద నేనే నివేదిక రాయాలి. నేను మేనేజర్‌నా, యూనియన్ సభ్యుడినా?

జవాబు: మీరు రెండూ. ఇక్కడి ఫెడరల్ వ్యవస్థలో మేనేజర్ అన్న హోదా వేరు, యూనియన్ పరిధి నుంచి తొలగించిన పదవి వేరు. ఉద్యోగి యూనియన్ పరిధి బయట ఉన్నట్టు లెక్క కావాలంటే, ఆ పదవిని నిర్వాహక పదవిగానో, రహస్య విషయాలతో ముడిపడిన పదవిగానో చట్టం ప్రకారం ప్రత్యేకంగా గుర్తించి ఉండాలి. పదిమందిని పర్యవేక్షించినంత మాత్రాన అలా అయిపోరు. రెవెన్యూ ఏజెన్సీలోనైతే మేనేజ్‌మెంట్ గ్రూప్ అని పేరు పెట్టిన వర్గం కూడా యూనియన్ పరిధిలోనే ఉంది. మీ విషయంలో ఇంకా సందేహం ఉంటే మీ పదవికి అలాంటి గుర్తింపు ఉందా లేదా అని మానవ వనరుల విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి. దీన్నిబట్టి 2024 నియమంలో మీకు వర్తించేది మూడు రోజుల భాగం. అందులో నాలుగు రోజుల నియమం ఎగ్జిక్యూటివ్ గ్రూపుకు మాత్రమే. ఈ రెండింటినీ కలగాపులగం చేసి, పర్యవేక్షకులందరూ నాలుగు రోజులు రావాలని కిందిస్థాయిలో నోటిమాటగా చెబుతున్న సందర్భాలున్నాయని మరో రెండు లేఖల్లోనూ చదివాను. అలా చెబితే ఆ ఆదేశం ఎక్కడుందో చూపమని అడగడంలో తప్పు లేదు.

ఇక నివేదిక సంగతి. పర్యవేక్షకుడిగా చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించవలసిందే. యూనియన్ సభ్యత్వం మీకు ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇవ్వదు, మీరు హాజరు చూసినంత మాత్రాన యూనియన్‌కు ద్రోహం చేసినట్టూ కాదు. అయితే ఎలా చేస్తారన్నది మీ చేతిలో ఉంది. పేరు పైకి పంపే ముందు ఆ ఉద్యోగిని పిలిచి కారణం అడగండి. సెలవు, శిక్షణ, ఆమోదం పొందిన సర్దుబాటు, కూర్చోవడానికి డెస్క్ దొరకకపోవడం లాంటివి హాజరు పట్టికలో గైర్హాజరీ లాగే కనిపిస్తాయి. ఆ కారణాన్ని నివేదికలో పక్కనే రాయండి. ఆరోగ్య కారణం చెప్పినవారిని రోగం పేరు అడగవద్దు, ఏ పని చేయగలరు, ఏది చేయలేరు అన్న పరిమితులు తెలిస్తే చాలు. మందలింపు నుంచి జీతం లేని సస్పెన్షన్ వరకు ఏ క్రమశిక్షణ చర్య మాటైనా వస్తే, మీ అంతట మీరు ఏమీ రాయకుండా కార్మిక సంబంధాల విభాగం సలహా తీసుకోండి. ఒకరికి చూసీచూడనట్టు పోయి, మరొకరి మీద నిబంధన ప్రయోగించారన్న ఆరోపణే రేపు గ్రీవెన్స్‌లో మీ మీదకు వచ్చేది. అందువల్ల అందరికీ ఒకే కొలత పెట్టండి.

ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే ఎక్కువ బరువు మోస్తున్నది మీలాంటివారేనని నా నమ్మకం. నిర్ణయం తీసుకున్నది పైవారు. దాన్ని ఎదిరించి మాట్లాడేది యూనియన్ నాయకులు. సోమవారం ఉదయం పదకొండుమంది ముఖాల్లోకి చూసి దాన్ని అమలు చేయవలసింది మాత్రం టీమ్ లీడరు. మీకు పని భారం పెరిగిందని, హాజరు లెక్కలకే వారంలో ఇంత సమయం పోతోందని మీరూ పైకి రాతలో తెలపాలి, యూనియన్ ప్రతినిధికీ చెప్పాలి.

ప్రశ్న (గాటినో): ఈ మధ్యే ఇ.ఎక్స్.-01, అంటే ఎగ్జిక్యూటివ్ హోదాలో తొలి స్థాయికి పదోన్నతి వచ్చింది. యూనియన్ సభ్యత్వం పోయింది, నాలుగు రోజులు రావాలి. నేను వచ్చిన రోజున నా బృందంలో సగంమంది ఉండరు. నాకు అభ్యంతరం చెప్పే దారే లేదా?

జవాబు: సమష్టి బేరసారాల దారి మీకు లేదు. ఎగ్జిక్యూటివ్‌ల సంఘం అపెక్స్ ఉంది, అది మీ తరఫున మాట్లాడగలదు, సలహా ఇవ్వగలదు, కానీ అది యూనియన్ కాదు, ఒప్పందం కుదుర్చుకునే అధికారం దానికి లేదు. పైగా మీ వార్షిక పనితీరు మదింపులో ఈ నియమం అమలును కూడా చూస్తారు.

అయినా హక్కులేమీ లేవనుకోవద్దు. గ్రీవెన్స్ వేసే విషయంలో ఉద్యోగి అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో యూనియన్ పరిధి బయట ఉన్నవారూ వస్తారు. మీకు వర్తించే గడువు 35 రోజులు, యూనియన్ ఆమోదం అక్కర్లేదు. అయితే అది శాఖలోపలి అంచెల్లోనే ముగుస్తుంది. సస్పెన్షన్, హోదా తగ్గింపు, తొలగింపు, జీతంలో కోత లాంటి శిక్ష పడితేనే తీర్పరి దాకా వెళ్ళవచ్చు. మానవ హక్కుల చట్టం మాత్రం మీకూ మీ బృందంలోని చిన్న ఉద్యోగికీ ఒకేలా వర్తిస్తుంది. ఆరోగ్య కారణమో కుటుంబ బాధ్యతో ఉంటే, ఎగ్జిక్యూటివ్ అయినందున అడగకూడదని వెనుకాడనవసరం లేదు.

మీరు ఎత్తిచూపిన ఇబ్బంది గురించి ఒక మాట. ఉద్యోగులు వేర్వేరు రోజుల్లో వస్తారు కాబట్టి అధికారి ఎక్కువ రోజులు అందుబాటులో ఉండాలన్న ఆలోచనలో నాకు కొంత అర్థం కనిపిస్తోంది. అర్థం లేనిది, మనుషులు ఎదురుపడని రోజున ఆఫీసుకు వచ్చి అక్కడి నుంచే టీమ్స్ వీడియో కాల్‌లో సమావేశం నడపడం. మీ బృందంతో మాట్లాడి వారంలో ఒక రోజును అందరూ కలిసే రోజుగా పెట్టుకోండి. ఆ రోజున తెర మీద చేసే పనులు తగ్గించి, కొత్తవారికి నేర్పడం, చిక్కుముడి పడ్డ ఫైళ్ళు కలిసి చూడడం లాంటివి పెట్టుకోండి.

ప్రశ్న (కింగ్‌స్టన్ సమీపం): 2021లో మేనేజరు సరేనంటే ఒట్టావా వదిలి దూరంగా ఇల్లు కొన్నాం. ఇప్పుడు మూడు రోజులు ఎలా వెళ్ళాలి? ప్రయాణ ఖర్చు ఇస్తారా?

జవాబు: మీకు నిర్ణయించిన ఆఫీసు నుంచి 125 కిలోమీటర్లు, అంతకంటే ఎక్కువ దూరంలో ఉంటూ, సహాయ ఉపమంత్రి (రాజకీయ నేత కాదు, శాఖలోని ఉన్నతోద్యోగి) స్థాయి అధికారి అనుమతితో పనిచేస్తున్నవారికి మినహాయింపు ఇవ్వవచ్చని మార్గదర్శకాల్లో ఉంది. దూరం ఒక్కటే చాలదు, ఆ అనుమతి ఉండాలి. మేనేజరు నోటిమాటకు ఇక్కడ విలువ తక్కువ కాబట్టి, అప్పటి ఈమెయిళ్ళు, ఇంటి నుంచి పనిచేసే ఒప్పంద పత్రం వెతికి తీసి వాటితో దరఖాస్తు చేయండి. ఇంటి నుంచి సొంత ఆఫీసుకు వెళ్ళే ఖర్చు ప్రభుత్వం ఇవ్వదు. మీకు దగ్గరలో మీ శాఖకో, మరో శాఖకో కార్యాలయం ఉంటే అక్కడ కూర్చునే ఏర్పాటు అడగడం మంచి మధ్యేమార్గం.

ప్రశ్న (గుంటూరు): నేను రిటైరైన సచివాలయ ఉద్యోగిని. 2016లో మమ్మల్ని హైదరాబాదు నుంచి వెలగపూడికి రమ్మన్నప్పుడు మా సంఘాలు మాట్లాడి వారానికి ఐదు రోజుల పని, 30 శాతం ఇంటి అద్దె భత్యం సాధించాయి. మా అమ్మాయి ఒట్టావాలో ప్రభుత్వోద్యోగి. అంతపెద్ద యూనియన్ ఉండి వాళ్ళు ఎందుకు ఆపలేకపోయారు?

జవాబు: మీ అనుభవంలోనే జవాబు సగం ఉందండి. వెలగపూడికి వెళ్ళాలన్న ఆదేశాన్ని మీ సంఘాలు ఆపలేదు, ఆ ఆదేశం వల్ల కలిగే కష్టానికి బదులు కొంత రాబట్టాయి. ఇక్కడా అదే జరిగింది. తేడా ఏమిటంటే, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు లేదని 2003లో మన సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో చెప్పింది. కెనడా ఫెడరల్ ఉద్యోగులకు చట్టం నిర్దేశించిన అంచెలు దాటాక సమ్మె చేసే హక్కు ఉంది, మీ అమ్మాయి యూనియన్ దాన్ని వాడుకుంది కూడా. జీతాల్లో నాలుగేళ్ళకు కలిపి 12.6 శాతం పెంపు వచ్చింది. పని స్థలం విషయంలో మాత్రం ఒప్పందం బయటి లేఖతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అలయన్స్ పరిధిలోని పెద్ద వర్గాల ఒప్పందాల గడువు 2025 వేసవిలో ముగిసింది. ఆ తరువాతి చర్చల్లో ఏయే డిమాండ్లు పెట్టాలో యూనియన్లు ముందుగా సభ్యులనే అడుగుతాయి. తిరస్కరణ లేఖలు, డెస్క్ దొరకని రోజుల వివరాలు, ఇంటి నుంచి చేసిన పని తాలూకు లెక్కలు మీ అమ్మాయి దగ్గర ఉంటే, వాటితో తన యూనియన్ స్థానిక విభాగం సమావేశానికి వెళ్ళి, ఈసారి ఈ అంశాన్ని లేఖలో కాకుండా ఒప్పందంలోనే పెట్టాలని అడగమనండి.